తుపానుకు నామకరణము చేసిన నావికుడు

కార్తీకమాసమున బంగాళాఖాతముపై మబ్బు కమ్మినదన్న చాలును, కోస్తా జిల్లాల ప్రజల నోట సైక్లోను అను మాట వినబడును. గాలివాన, తుపాను, వాయుగుండము మొదలగు మాటలెన్ని యున్నను ఆ పరభాషాపదము వానితో సరిసమానముగా తెలుగునేల వేరూనినది. బడిపిల్లల భూగోళ పుస్తకములలో అది కలదు. తీరగ్రామములలో కట్టిన రక్షణ భవనముల గోడలమీదను కలదు. అయితే ఆ మాట పుట్టినది లండనులో కాదు, కలకత్తాలో. దానిని కల్పించినవాడు విశ్వవిద్యాలయములలో చదివిన పండితుడు కాడు. యౌవనమంతయు ఓడలపై గడిపి గట్టు చేరిన ఒక వర్తకనౌకల కప్తాను. ఆయన పేరు హెన్రీ పిడింగ్టన్. ఆయన పరిశోధనకు విషయమైన తీరములలో గోదావరి సాగరసంగమము చెంతనున్న కోరంగి యొకటి యగుట తెలుగువారు తెలిసికొనదగిన విశేషము.

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండునందలి సస్సెక్స్ సీమలో అక్‌ఫీల్డు అను ఊర జన్మించెను. వర్తకనౌకలలో చేరి, హిందూదేశ చైనా సముద్రములలో తిరిగి, కప్తాను పదవికి వచ్చెను. ఆనాడు దూరసముద్రములలో ఓడ యనగా తెరచాప ఓడయే. గాలి దానికి ప్రాణము. ఆ గాలియే ఆగ్రహించినచో మృత్యువు. గాలికి విరోధముగా నడపగల యంత్రబలము లేనప్పుడు కప్తానుకు గాలిని చదువుటకంటె ముఖ్యమైన విద్య మరియొకటి లేదు. పిడింగ్టన్ ఆ విద్యను పుస్తకములలో గాక సముద్రముమీదనే నేర్చెను.

పిదప ఆయన సముద్రయానమును విడిచి వంగదేశమున స్థిరపడెను. ఆయనది ఒకచోట నిలుచు బుద్ధి కాదు. 1832లో హిందూదేశపు మొక్కల పేర్లకు ఒక ఇంగ్లీషు సూచికను ప్రకటించెను. నేలల సారమును పరీక్షించెను, ఖనిజములను పరిశీలించెను, కలకత్తాలోని ఆర్థిక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకు అధికారి యయ్యెను. 1850లో వంగదేశమున షాల్కా యను గ్రామముకడ ఉల్క పడినప్పుడు దానిని శాస్త్రీయముగ వర్ణించినది ఆయనయే. ఒక మనుజుని జీవితమునకు ఇవి చాలిన పనులే. కాని ఆయన పేరు నిలిచినది వీనివలన కాదు. ఓడలు చెడిపోయినప్పుడు, మునిగినప్పుడు కారణములను విచారించు నౌకా విచారణ సభలకు ఆయన కలకత్తాలో అధ్యక్షుడుగా నుండెను. కప్తానుగా ఒక్క ఓడ అనుభవము మాత్రమే కలుగును. ఆ పీఠమున కూర్చున్నవానికి అనేకుల అనుభవము, అందును ఓడలు పోగొట్టుకొన్నవారి అనుభవము, ముందునకు వచ్చును. ఒకే తుపానులో ఒక కప్తాను ఓడను కాపాడుకొనుటయు, మరియొకడు దానిని పోగొట్టుకొనుటయు ఎందువలన? అదృష్టమని త్రోసివేయక, పిడింగ్టన్ ఆ ప్రశ్నను పట్టుకొనెను.

ఆ ప్రశ్నకు సమాధానము అప్పటికి సగము సిద్ధముగ నుండెను. తుపానుగాలి ఒక దిక్కునుండి మరియొక దిక్కునకు తిన్నగా వీచునని నావికులు చిరకాలము తలచిరి. అది సుడి తిరుగునని కొందరు గ్రహింపకపోలేదు. ఈస్టిండియా కంపెనీ సైన్యమున కర్నలుగా నుండిన జేమ్స్ కాపర్ పుదుచ్చేరి, చెన్నపట్టణముల తీరమున వచ్చిన తుపానులను పరిశీలించి, అవి పెద్ద సుడిగాలులేయని 1801లోనే వ్రాసెను. ఆ మాటను అప్పుడు పట్టించుకొన్నవారు తక్కువ. అమెరికాలో 1821లో ఒక తుపాను వెలిసిన పిదప విలియం రెడ్‌ఫీల్డ్ అనునతడు దారివెంట పడియున్న చెట్లను చూచుచు పోయి, ఒకచోట అవి ఒక దిక్కునకును, కొంత దూరము పోయిన పిదప దానికి విరుద్ధమగు దిక్కునకును కూలియుండుట గమనించెను. గాలి తిరుగనిదే చెట్లు అట్లు కూలవు. 1831లో బార్బడోస్ ద్వీపమును తుపాను నాశనము చేసిన పిదప అచ్చటికి పంపబడిన విలియం రీడ్ అను సైనిక ఇంజనీరు ఓడల లెక్కలు కూర్చి, 1838లో తుపానుల ధర్మమును గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఆ గ్రంథము కలకత్తా చేరి పిడింగ్టన్ చేతబడెను. దానిని చదివిన పిదప ఆయనకు ఇరువది యేండ్లపాటు వేరు వ్యసనము లేదనవచ్చును.

ఆయన పద్ధతి చూచుటకు సామాన్యమైనది, చేయుటకు మిక్కిలి ఓర్పు కావలసినది. ఓడలలో గంటగంటకు గాలి దిక్కును, దాని బలమును, భారమితి చూపిన అంకెను, ఓడ యున్న తావును దినచర్య పుస్తకమున వ్రాసియుంతురు. తుపాను వెలిసి ఓడలు రేవు చేరగనే పిడింగ్టన్ ఆ పుస్తకములకొరకు కప్తానులను ఆశ్రయించెను. రేవుల అధికారులకు లేఖలు వ్రాసెను. ఒకే దినమున, ఒకే గంటకు సముద్రముమీద చెదరియున్న ఓడలన్నింటిని పటముమీద గుర్తించి, ఒక్కొక్కదానికి తగిలిన గాలిని బాణపుగుర్తుతో చూపెను. అప్పుడు విడివిడిగ అర్థము లేని గాలులన్నియు ఒక వలయముగ కనబడెను. వలయపు నడుమ తుపాను కేంద్రము. గంటగంటకు పటములు గీసినచో ఆ కేంద్రము నడచిన దారియు తెలియును. 1839 జూన్ మాసమున బంగాళాఖాతమున వచ్చిన తుపానుపై ఆయన మొదటి పరిశోధనవ్యాసము ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. పిమ్మట మరణపర్యంతము అట్టివి ఇరువదికి పైగా వ్రాసెను. వానిలో రెండవది 1839 నవంబరులో కోరంగిని ముంచిన తుపానును గూర్చినది.

కోరంగి అప్పుడు తూర్పుతీరమున పేరుగన్న రేవు. ఓడలు కట్టువారును, మరమ్మతు చేయువారును అచ్చట నివసించిరి. ఆ రేవునకు ఉప్పెన క్రొత్త కాదు. 1789 డిసెంబరునాటి ఘోరమును పిడింగ్టన్ ఒక ఫ్రెంచి నావికుని యాత్రాగ్రంథమునుండి గైకొని తన పుస్తకమున చేర్చెను. సముద్రపు పోటు పూర్తిగ నున్న వేళ, గాలి నీటినంతను అఖాతపు కొసకు త్రోయుచుండగా, ఒకదానివెనుక ఒకటిగా మూడు కెరటములు వచ్చెనట. మొదటిది ఊరిలోనికి కొన్ని అడుగుల నీటిని తెచ్చెను. రెండవది పల్లపునేలనంతను కప్పెను. మూడవది దేనిని మిగుల్పలేదు. ఏటిమొగలో లంగరు వేసియున్న ఓడలు యానాము చుట్టునున్న పొలములలో తేలెను. ఇరువదివేలమంది గతించిరని ఆ గ్రంథము చెప్పుచున్నది. సముద్రము వెనుకకు తీసిన పిదప ఇసుకమేటలును బురదయు మిగిలినందున శవములను వెదకుటకు సైతము వీలు లేకపోయెను. ఏబదియేండ్లకు 1839 నవంబరు 25న మరల ఉప్పెన వచ్చెను. ఈ రెండవ ఉప్పెనలో మూడు లక్షలమంది మరణించిరని తరువాతి పుస్తకములు ఒకదానినుండి ఒకటి ఎత్తి వ్రాసికొనుచున్నవి గాని, ఒక రేవుపట్టణమునకు అంత జనసంఖ్యను నమ్ముట కష్టము. సంఖ్య ఎంతయైనను ఆ పట్టణము మరల పూర్వపు వైభవమునకు రాలేదు. నేడు కోరంగి యనిన మడ అడవులే గుర్తునకు వచ్చును.

ఆ రేవునుండి మారిషస్ ద్వీపమునకు వలసపోయిన తెలుగువారిని అచ్చట కోరంగివారనియే పిలిచెడివారు. పిడింగ్టన్ పరిశోధనలలో అన్నింటికంటె విచిత్రమైనది ఆ మారిషస్ సముద్రముననే జరిగినది. 1845 ఫిబ్రవరిలో చార్లెస్ హెడిల్ అను వేగము గల చిన్న ఓడ మారిషస్ విడిచి బయలుదేరగనే తుపానులో చిక్కెను. దాని కప్తాను ఆనాటి అలవాటుచొప్పున ఓడను గాలివాలుకు వదలెను. గాలి ముందునకు త్రోయుచున్నది, ఓడ దూరముగ పారిపోవుచున్నది యని అతడు తలచియుండును. అయిదు దినములు అట్లు పరుగెత్తి, తుపాను విడిచిన పిదప చూచుకొనగా, ఓడ పోయిన దూరము సుమారు 1,300 మైళ్ళు; బయలుదేరిన చోటినుండి చేరిన చోటునకు తిన్నని దూరము 400 మైళ్ళైనను లేదు. ఓడ తుపాను కేంద్రముచుట్టు అయిదు ప్రదక్షిణములు చేసినది. దాని దినచర్య పుస్తకము పిడింగ్టన్ చేతికి వచ్చినప్పుడు ఆయనకు నిధి దొరికినట్లయినది. ఓడలు చెదరియున్నచోట గాలి వలయమును ఊహించి గీయవలెను; ఇచ్చట ఒక ఓడ తానే ఆ వలయమును అయిదు మారులు గీసి చూపినది. గాలివాలుకు వదలుట కొన్ని వేళల తప్పించుకొనుట కాదు, గానుగెద్దువలె కేంద్రముచుట్టు తిరుగుట యని అంతకంటె స్పష్టముగ చెప్పగల సాక్ష్యము లేదు.

ఈ తిరుగుడుగాలికి తగిన పేరు లేకపోవుట పిడింగ్టనునకు లోపముగ తోచెను. హరికేన్, టైఫూన్, గేల్ మొదలగు పేర్లు ఒక్కొక్క సముద్రమున ఒక్కొక్కటి వాడుకలో నుండెను. అవి గాలి బలమును చెప్పునే గాని ఆకారమును చెప్పవు. 1848లో ప్రకటించిన గ్రంథమున ఆయన గ్రీకు భాషనుండి సైక్లోను అను పదమును కల్పించి ప్రతిపాదించెను. దాని మూలమునకు వలయమనియు, పాము చుట్ట యనియు అర్థము. వట్టి వలయమనక పాముచుట్టను తలచుటలో ఆయన జాగ్రత్త కనబడును. గాలి సరియైన వృత్తముగ తిరుగుననుట ఆయన ఒప్పుకొనలేదు. అది లోపలికి ముడుచుకొనుచు పోవచ్చునని ఆయన ఎరుగును.

ఆ గ్రంథము పేరులో హార్న్‌బుక్ అను మాట కలదు. పూర్వము ఇంగ్లండులో పసిపిల్లలకు అక్షరములు నేర్పుటకు చెక్కపలకపై కాగితమంటించి, అది చిరుగకుండ పలుచని కొమ్మురేకును కప్పెడివారు, దానికా పేరు. తెలుగుదేశమున పెద్దబాలశిక్ష వంటిదనుకొనవచ్చును. నావికుల బాలశిక్ష యని పేరు పెట్టుటలో వినయమును, చమత్కారమును రెండును కలవు. ఎందుకన నిజముగనే ఆ పుస్తకముతో రెండు కొమ్ముబిళ్ళలు వచ్చెడివి. కాంతి చొరగల ఆ బిళ్ళలపై వలయములును, గాలి దిక్కును చూపు బాణములును గీయబడియుండును. ఒకటి భూమధ్యరేఖకు ఉత్తరమునను, రెండవది దక్షిణమునను పనికివచ్చును. ఏలయన ఉత్తరార్ధగోళమున తుపానుగాలి అప్రదక్షిణముగను, దక్షిణార్ధగోళమున ప్రదక్షిణముగను తిరుగును. కప్తాను తన ఓడ యున్నచోట పటముపై బిళ్ళ నుంచి, బిళ్ళమీది బాణము తనకు తగులుచున్న గాలితో సరిపోవునట్లు జరిపినచో, బిళ్ళ నడిమి బిందువు తుపాను కేంద్రమును చూపును. గణితము రానివాడును, తుపాను అరుపులో ఆలోచన నిలువనివాడును ఆ పని చేయగలడు. శాస్త్రమును సామాన్యుని చేతిలో పట్టునంతగా కుదించుట చిన్న విద్య కాదు. పిడింగ్టన్ ప్రతిభయంతయు ఆ కొమ్ముబిళ్ళలో నున్నదన్నను తప్పు లేదు.

బిళ్ళ లేనివానికి కూడ ఒక సూత్రమున్నది. బంగాళాఖాతమున గాలికెదురుగ నిలిచినవానికి కేంద్రము కుడిచేతివైపున నుండును. తరువాత గాలి మారు తీరును చూడవలెను. ఓడ కదలక నిలిచియున్నప్పుడు గాలి దిక్కు ప్రదక్షిణముగ మారుచున్నచో ఓడ తుపాను దారికి కుడివైపు నున్నదన్నమాట. అది యపాయకరమైన వైపు. అప్రదక్షిణముగ మారుచున్నచో ఎడమవైపు. తప్పించుకొనుట కొంత సుళువు. దిక్కు మారక గాలి హెచ్చుచు భారమితి దిగిపోవుచున్నచో తుపాను తిన్నగ మీదికే వచ్చుచున్నది. అట్లే నడిమి ప్రశాంతతను గూర్చిన హెచ్చరిక. కేంద్రము పైకి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగ నిలిచిపోవును, ఆకాశము తేటపడినను పడును. దానిని నమ్మరాదు. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి మరల విరుచుకొని పడును. ఈ సంగతి తీరవాసులకును వర్తించును. గాలి నిలిచినదని ఇల్లు విడిచి పోయినవారు మార్గమధ్యమున చిక్కుకొనుట అనేక తుపానులలో జరిగినది.

పిడింగ్టన్ చెప్పినవన్నియు నిలిచినవి కావు. తుపానునకు మూలము విద్యుచ్ఛక్తి యని ఆయన ఊహించెను, అది తప్పు. వెచ్చని సముద్రమునుండి లేచిన నీటియావిరి పైకిపోయి చల్లబడి మేఘమగునప్పుడు విడుదలయగు వేడియే తుపానునకు బలమనియు, భూభ్రమణము గాలిని వంచుటచే అది సుడి తిరుగుననియు పిమ్మట తెలిసెను. కేంద్రము గాలికి సరిగ లంబముగ నుండునన్న లెక్కయు కొంత సవరింపబడెను. గాలి లోపలికి ముడుచుకొనుట తలచినదానికంటె హెచ్చని మారిషస్ వేధశాలాధికారి చార్లెస్ మెల్‌డ్రమ్ నిరూపించెను. కారణమును తప్పుగ చెప్పియు ఆకారమును సరిగ పట్టుటవలన పిడింగ్టన్ ఓడలకు మేలు చేసెను.

ఆయన కల్పించిన పేరు ఆయన తలచినంత క్రమశిక్షణతో నడువలేదు. తిరుగుడుగాలులన్నింటికి అది సరిపోవుననుటచే, కొంతకాలమునకు అమెరికా మైదానములలోని రైతులు తమ టోర్నడోను సైక్లోను అనసాగిరి. దానినుండి దాగుకొనుటకు ఇంటిక్రింద త్రవ్విన నేలమాళిగకు సైక్లోను మాళిగ యని పేరు. 1900లో వెలువడిన ఓజ్ మాంత్రికుని కథలో బాలికను ఇంటితో సహా ఎత్తుకొనిపోయిన సుడిగాలియు సైక్లోనుగనే పేర్కొనబడినది. నిజమునకు ఈ రెండింటికి హస్తిమశకాంతరము. సైక్లోను వందలమైళ్ళ వెడల్పు కలిగి దినములతరబడి నడచును. టోర్నడో ఉరుముల మేఘమునుండి నేలకు దిగు సుడి. దాని వెడల్పు సాధారణముగ కొన్ని వందల గజములు, ఆయువు నిమిషములు. అయినను ఆ యిరుకుదారిలో దాని వేగము గంటకు 200 మైళ్ళు మించవచ్చును. అట్టిది వంగదేశమునకు క్రొత్త కాదు. 1838 ఏప్రిల్ 8న కలకత్తాకు తూర్పున ఒక టోర్నడో రెండువందలమందికి పైగా బలిగొనెను; దాని విమర్శ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడెను. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశమున సాటూరియా ప్రాంతమును తాకినది సుమారు 1,300 మందిని చంపినది.

కొమ్ముబిళ్ళ టోర్నడోకు పనికిరాదు. లెక్కవేయు వ్యవధియే యుండదు. దానినుండి తప్పించుకొనుటకు నేలమాళిగ యున్న అందు దిగవలెను. లేనిచో గట్టి కట్టడములో అన్నింటికంటె క్రింది అంతస్తున, కిటికీలకు దూరముగ నున్న లోపలి గదిలో తలను కప్పుకొని కూర్చుండవలెను. బయట చిక్కినవాడు, మరి యే ఆశ్రయమును లేనిచో, బండిలో కూర్చుండుటకంటె పల్లపునేలను బోరగిల పడుకొనుట మేలు. గాలి తోసివేయుటకంటె గాలిలో ఎగురు రేకులు, కొయ్యలు, ఇటుకలు చంపునవే హెచ్చు.

సైక్లోనులో తీరవాసులను చంపునది హెచ్చుగ నీరు. కోరంగి కథ పిడింగ్టనునకు ఆ పాఠము నేర్పెను. బలమైన గాలి సముద్రమును గట్టునకు నెట్టును. కేంద్రమున వాయుభారము తగ్గుటచే నీటిమట్టము కొంత పైకి లేచును. లోతులేని తీరమున, గరాటువంటి ఏటిమొగలో ఆ నీటికి పోవు దారి యుండదు. దానికి పోటు తోడైనచో ఉప్పెన యగును. 1853లో ఈ విషయమును గూర్చియే ఆయన గవర్నరు జనరల్ డల్హౌసీ ప్రభువునకు బహిరంగలేఖ వ్రాసెను. హుగ్లీ నది పూడిపోవుచున్నదన్న భయముతో కలకత్తా వర్తకులును అధికారులును సుందరవనములలో మాట్లా నదీతీరమున క్రొత్త రేవును కట్టదలచిరి. ఆ తావు సముద్రమునకు తెరచియున్నది, నేల పల్లము. ఏదో యొకనాడు తుపాను నడుమ అయిదునుండి పదునైదడుగుల ఎత్తున ఉప్పునీరు పొరలివచ్చి ఆ రేవును కప్పివేయగలదని పిడింగ్టన్ నిర్మొగమాటముగ హెచ్చరించెను. ఆ లేఖ అచ్చుపడెను, చదివినవారును కలరు, పని మాత్రము ఆగలేదు.

1858 ఏప్రిల్ 7న పిడింగ్టన్ కలకత్తాలో మరణించెను. ఆరేండ్లకు, 1864 అక్టోబరు 5న, ఆ నగరమునే భయంకరమైన తుపాను తాకెను. హుగ్లీలోని ఓడలు గట్టెక్కి విరిగెను. నెల తిరుగకముందే, నవంబరు 1న, మచిలీపట్టణమును ఉప్పెన ముంచగా సుమారు 30,000 మంది మరణించిరి. ఈ రెండు దెబ్బలతో ప్రభుత్వము మేలుకొనెను. కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు ఇచ్చు ఏర్పాటు 1865లో జరిగెను. 1875లో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ నాయకత్వమున భారత వాతావరణశాఖ ఏర్పడెను. హెచ్చరిక యుండియు అది పల్లెకు చేరకపోవుట వేరు సంగతి. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పదివేలమంది గతించిన పిమ్మటనే ఆంధ్రతీరమున రక్షణ భవనముల నిర్మాణము ఊపందుకొనెను.

మాట్లా తీరపు రేవు మాత్రము కట్టబడెను. కానింగు ప్రభువు పేర దానికి పోర్టు కానింగు అని నామకరణము జరిగెను. కలకత్తానుండి రైలుమార్గము వేసిరి, జట్టీలు కట్టిరి, వాటాలు అమ్మిరి. 1867 నవంబరు 1న తుపాను వచ్చినది. ఆరడుగుల ఎత్తున నీరు ఊరిలో ప్రవేశించి జట్టీలను, రైలుకట్టడములను పాడుచేసెను. పిడింగ్టన్ చెప్పిన లెక్కలో అది తక్కువ కొసకు చేరినది. కొలది యేండ్లకే ఓడలు అటు వచ్చుట మానగా, 1872 నాటికి ఆ రేవును విడిచిపెట్టిరి. రైలుమార్గము మాత్రము నిలిచినది. కలకత్తానుండి కానింగునకు నేటికిని బండ్లు నడచుచున్నవి.